పిల్లల తలల మీద పెత్తనం

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నా మొగుడు తన సగం కూడా తీసుకెళ్ళి వాళ్ళక్క చేతిలోనే పెట్టేశాడు కాబట్టి, నాకు మా వదినగారు పూర్తి మొగుడే. ఆయన ఉన్నారు, లేరని కాదు. నర్సీపట్నం మెయిన్ రోడ్డులో పైపులూ కుళాయిలూ అమ్మే కొట్టు నడుపుతారు. కొట్లో ఎంత పెద్ద నోరో, ఇంట్లో అక్కకీ పెళ్ళానికీ మాట పెరిగితే అంత కుక్కిన పేను.

భర్త పోయాక వదినగారు మా పక్క వాటాలోకి వచ్చింది. నేను కోటవురట్ల వైపు ఒక ఆసుపత్రిలో నర్సుని. పొద్దున్నే బస్సు పట్టుకోవాలి. పిల్లలకు తల దువ్వి, అన్నం పెట్టి, బడికి పంపేది ఆమే. ఆమె లేకపోతే నా ఉద్యోగం లేదు. ఈ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు, అయినా ఆమె గుర్తు చేయని వారం లేదు. ఇలాంటి చోట మనిషికి కృతజ్ఞత కలగాలి. నాకు కోపమే కలిగేది. దాచుకోను.

నాకిద్దరూ ఆడపిల్లలే. ఇది జరిగిన వేసవికి, అంటే రెండేళ్ళ కిందట, పెద్దదానికి ఎనిమిదేళ్ళు, చిన్నదానికి ఐదు. ఇద్దరిదీ ఉంగరాల జుట్టు. ఏదో చివర్లు చుట్టుకునే రకం కాదు, వేలు పెడితే వేలును పట్టుకుని వదలనిది. తడిపితే వీపు సగం దాకా వస్తుంది, ఆరితే చెవుల దగ్గరికి ఎగిరిపోతుంది. నాకు ఆ జుట్టంటే ప్రాణం. మా వదినగారికి దానిమీద పగ. పొద్దున్న నేను యూనిఫాం వేసుకుంటుంటే వరండాలోంచి వినపడేది.

"కదలకే! ఇది జుట్టా, కొబ్బరి పీసా? ఏటి తిని కన్నాదో మీయమ్మ!"

పొడి జుట్టులో పేల దువ్వెన గుచ్చి పైనుంచి కిందకు లాగేది. ఇలాంటి జుట్టును తడి మీద, కింద నుంచి మొదలుపెట్టి, వేళ్ళతో విడదీయాలని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. "నాకు సెప్పొచ్చినావా?" అనేది. తర్వాత గిన్నెడు ఆముదం. ఆ తర్వాత రెండు జడలు, కళ్ళు పైకి లాక్కుపోయేంత బిగువుగా, మడిచి రిబ్బన్లు. చిన్నది గోల పెట్టేది. పెద్దది ఏడవడం మానేసింది. ఏడిస్తే దువ్వెన వెనక్కి తిప్పి వేళ్ళ మీద కొడుతుందని దానికి తెలుసు. నాకు చిన్నదాని గోల కంటే పెద్దదాని మౌనమే ఎక్కువ మండేది.

ఇంకొకటి చెప్పాలి. ఆ జుట్టు మా పుట్టింటిది కాదు. మాది గొలుగొండ. మా అమ్మదీ, నాదీ, మా చెల్లెలిదీ సాపు జుట్టు. నూనె రాస్తే తలకు అతుక్కుపోయి, పిలక కూడా సరిగ్గా రాని జుట్టు. ఆ ఉంగరాలు మా ఆయన వైపువి. ఆయన క్రాఫు ఎప్పుడూ పొట్టిగా కొట్టించుకుంటారు కాబట్టి కనపడవు. వదినగారు ఎప్పుడూ ముసుగులో ఉంటుంది. మా చర్చిలో ఆడవాళ్ళు ప్రార్థనప్పుడు తల మీద ముసుగు వేసుకుంటారు. ఆమె వంటింట్లోనూ తియ్యదు, కూరల బండి దగ్గరా తియ్యదు. ఊరంతా అది భక్తి అనుకుంటారు. ఒకసారి తలంటుకుని పెరట్లో ఆరబెట్టుకుంటుంటే చూశాను. అచ్చం నా పెద్దకూతురి తలే, కాకపోతే నెరిసింది. నన్ను చూడగానే తువ్వాలు చుట్టేసుకుంది. చూసేశానని తెలిసి కూడా మర్నాడు పొద్దున్న వరండాలో కూర్చుని నా కడుపునే తిట్టింది. ఆ ధైర్యానికి నేను దణ్ణం పెట్టాలి.

ఈ జుట్టుకు ఆమె దగ్గర ఒకటే వైద్యం. గుండు. గుండు కొట్టిస్తే కుదుళ్ళు మారిపోయి జుట్టు సాపుగా వస్తుందని ఆమె నమ్మకం. అలా మారదండీ, కుదురు చర్మం లోపల ఉంటుంది, పైన గీస్తే దానికి తెలియను కూడా తెలియదు అని నేను చెప్పాను. "సదువుకున్నోళ్ళకి దేవుడి కంటే ఎక్కువ తెలుసు" అంది. పెద్దదానికి ఐదేళ్ళప్పుడు, నేను డ్యూటీలో ఉండగా, సెలూను ఆయన్ని ఇంటికి పిలిపించి గీయించేసింది. నేను బస్సు దిగి వచ్చేసరికి పిల్ల తలనిండా పౌడరు రాసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ సాయంత్రం నేనన్న మాటలు ఇక్కడ రాయను, చర్చికి వెళ్ళే మనిషిని. బడిలో దాన్ని ఆ ఏడాదంతా గుండు, గుండు అనే పిలిచారు. జుట్టు మళ్ళీ వచ్చింది. అవే ఉంగరాలు. పిల్ల మాత్రం అప్పటినుంచి కత్తెర చప్పుడు వింటే చెవులు మూసుకునేది.

అలాంటిది ఆ వేసవిలో, అన్నాల దగ్గర, పచ్చడి వడ్డించినంత తేలిగ్గా మళ్ళీ ఎత్తింది మాట.

"వీబీఎస్ అయిపోగానే ఇద్దరికీ ఒకేపాలి గుండు కొట్టించీద్దాం. బడి తెరిసేతలికి కూసింత వస్తాది. ఎండకీ హాయి."

వీబీఎస్ అంటే వేసవి సెలవుల్లో మా చర్చిలో పిల్లలకు పెట్టే బడి. పాటలు, బైబిలు కథలు, ఆటలు, ఆఖరి రోజు ప్రోగ్రాం. పెద్దది ముద్ద చేతిలోనే పట్టుకుని నా వంక చూసింది. నేను ఆయన వంక చూశాను. ఆయన కంచం వంక చూశారు.

"మళ్ళీ పెరుగుతాది కదా" అన్నారు కంచంతో.

పిల్లలకు బరువు కాని జుట్టు ఈమెకెందుకు బరువు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటే ఇదే. "మళ్ళీ ఆ మాటెత్తితే నేనూరుకోనండి" అన్నాను. "సూద్దాం" అంది ఆమె, మజ్జిగ పోసుకుంటూ.

మర్నాడు నాకు సెలవు. పెద్దది నా ఫోను పట్టుకుని వచ్చింది. అందులో ఏదో దేశం అమ్మాయి, పరుగుపందెంలో. నుదుటి దగ్గర మొదలై మెడ దాకా, తలకు అంటుకుని సన్నటి జడలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఆ అమ్మాయి జుట్టు కూడా మా పిల్లల జుట్టులాంటిదే.

"అమ్మా, ఇలగ ఏయించు" అంది. "అప్పుడు అత్త రోజూ దువ్వక్కర్లేదు కదా. దువ్వకపోతే అత్తకి కోపం రాదు. కోపం రాకపోతే గుండు కొట్టించదు."

ఎనిమిదేళ్ళ పిల్ల తన తలను ఎలా కాపాడుకోవాలా అని కూర్చుని ఆలోచించుకుంది. తండ్రి ఉన్నాడు, తల్లి ఉంది, ఇద్దరమూ సంపాదిస్తున్నాం, దేనికి?

ఇద్దర్నీ తీసుకుని ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర మేడ మీదున్న బ్యూటీ పార్లరుకు వెళ్ళాను. పెళ్ళికూతుళ్ళకు పూలజడలు వేసే చోటు. గోడ నిండా తెల్లటి అమ్మాయిల ఫోటోలు. పార్లరామె నా ఫోనులో బొమ్మ చూసింది.

"కార్న్‌రోసా మేడం? ఏసేస్తాం. హైదరాబాదులో నేర్చుకుని వొచ్చేను" అని, పెద్దదాని జుట్టు పిడికిట్లోకి తీసుకుని మొహం చిట్లించింది. "సాలా రఫ్ ఉంది మేడం. స్మూతెనింగ్ సేయించీండి. సిల్కులాగ అయిపోతాది."

"ఎనిమిదేళ్ళ పిల్లకా?"

"ఇప్పుడందరూ సేయిస్తన్నారు మేడం."

"మీకు జడలు రాకపోతే రావని చెప్పండి. మందులు పూస్తానంటే మాత్రం నేను లేచిపోతాను" అన్నాను. ఆమె మొహం చూస్తే ఈ పూటకు నాలాంటిది ఒక్కతి చాలు అనుకున్నట్టు తెలిసింది.

నీళ్ళు చల్లి, క్రీము రాసి, దువ్వెన తోకతో పాపిడి తీసింది. నుదుటి దగ్గర మూడు చిన్న పాయలు పట్టి, ఒక్కో మెలికకూ కింద నుంచి కొంచెం కొంచెం జుట్టు కలుపుకుంటూ మెడ దాకా అల్లుకుంటూ పోయింది. చెయ్యి తిరిగిన మనిషే, ఒప్పుకుంటాను. కానీ బిగువు చూస్తే మా వదినగారికి చుట్టమేమో అనిపించింది. పెద్దది అలవాటు కొద్దీ నోరు మూసుకుని కుర్చీ చేతులు పట్టుకుంది.

"నుదుటి దగ్గర వదులుగా మొదలుపెట్టండి. కుదుళ్ళు ఎర్రబడిపోయాయి, కనపడట్లేదా?"

"లూజుగా ఏస్తే నిలబడవు మేడం."

"నిలబడకపోతే మళ్ళీ వస్తాను. జుట్టు ఊడితే మీరు అతికిస్తారా?"

అల్లిందంతా విప్పి, పెదవులు బిగబట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పిల్ల చేతులు కుర్చీ మీద నుంచి ఒళ్ళోకి వచ్చాయి. పక్క కుర్చీలో మొహానికి ఏదో పూయించుకుని ఒకావిడ కూర్చుని ఉంది. ఆమెకూ నోరు ఊరుకోలేదు.

"తెల్లగా ఉన్న పిల్లలకైతే బాగుంటాదండీ ఈ ఫేషన్లు. సామనఛాయకి..."

"మీరు పూయించుకున్నది ఆరుతోందండీ. మాట్లాడితే బీటలు వారుతుంది" అన్నాను.

మధ్యాహ్నం దాటి సాయంత్రమైంది. చిన్నది నిద్రపోయి, లేచి, బిస్కట్లు తిని, మళ్ళీ ఏడ్చి, దాని వంతూ అయింది. పెద్దది అద్దం ముందు తల ఇటూ అటూ తిప్పి చూసుకుంది. జడల మధ్య గీతల మీద వేలు పెట్టి నడిపించింది.

"అమ్మా, నెత్తికి గాలి తగుల్తంది" అంది నవ్వి. ఆ నవ్వు నేను చాలా కాలంగా చూడలేదు.

ఆ సంతోషం ఆటో ఇంటికి చేరేదాకా కూడా ఉండనివ్వలేదు. నన్ను ఒక్క మాట అడగకుండా పార్లరామె పిల్లల తలలు వీడియో తీసి స్టేటస్‌లో పెట్టేసింది. ఆమె ఫోనులో సగం మా చర్చివాళ్ళే. మేము దిగేసరికి వదినగారు గేటు దగ్గర, ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో ముసుగు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏటిది? పిల్లలనుకున్నావా, బొమ్మలనుకున్నావా? జడలు అల్లుకోడం గురించి వాక్యంలో ఏటుందో నీకు తెల్దా?"

ఆడవాళ్ళు జడలు అల్లుకుని సింగారించుకోకూడదనే ఆ బైబిలు వాక్యం నాకు తెలుసు. మా చర్చిలో ఆడపిల్లగా పుట్టిన ఎవరికీ అది వినకుండా పెళ్ళి కాదు.

"మరి రోజూ మీరు వేసే రెండు జడల సంగతేంటి వదినగారూ?"

"అవి బడి జడలు!"

అప్పుడే కొట్టు నుంచి వచ్చిన ఆయన, గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండా, "చెరుకు చాళ్ళు తీసినట్టున్నాయే!" అని పకపకా నవ్వారు. పిల్లలకు ఆ మాట నచ్చింది. చాళ్ళజడ, చాళ్ళజడ అని ఇల్లంతా గెంతారు. వదినగారు తమ్ముడి వంక చూసిన చూపుకు ఆయన నవ్వు మధ్యలోనే మింగేశారు.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో దువ్వెన లేదు, ఆముదం లేదు. పొద్దున్న వరండా నిశ్శబ్దంగా ఉండేది. నేను బస్సులో కూర్చుంటే కడుపులో మంట లేకపోవడం నాకే వింతగా ఉండేది. వీబీఎస్‌లో పిల్లలకు పరుగులు పెడితే పెద్దది ఎప్పుడూ గోడ పక్కన నిలబడేది, రిబ్బన్లు ఊడితే ఇంట్లో దెబ్బలు పడతాయని. ఈసారి పరిగెత్తింది. గెలవలేదు. ఎక్కడో వెనక వచ్చింది. కానీ మోకాలు కొట్టుకుపోయి, చెమటతో వచ్చి, "నేనూ పరిగెట్టేను" అంది.

ప్రోగ్రాం రోజు వదినగారు నా వెనక వరసలో కూర్చుని, ఎప్పుడెప్పుడు పాస్టరుగారి భార్య పిల్లల్ని చూసి ఒక మాట అంటుందా అని కాచుకుంది. ఆమెను మేము అమ్మగారు అంటాం. అమ్మగారు నిజంగానే మా దగ్గరికి వచ్చింది. "ఎక్కడ వేయించారమ్మా? మా మనవరాలు ప్రాణం తోడేస్తోంది" అంది. నాకు వెనక్కి తిరిగి వదినగారి మొహం చూడాలనిపించింది. చూశాను కూడా. అంత మంచిదాన్ని కాను.

వాక్యం చేతిలోంచి జారిపోయాక ఆమెకు మిగిలింది గుండు ఒక్కటే.

ఆ శనివారం నేను వార్డులో ఉండగా ఫోను మోగింది. చిన్నది. వాళ్ళ నాన్న ఇంట్లో వదిలేసిన పాత ఫోను నుంచి.

"అమ్మా, గుండు మిషనంకులు వొచ్చేడు. అత్త నా జడలు ఇప్పీస్తంది. అక్క బాత్రూంలోంచి రావట్లేదు."

డ్యూటీ పక్కామెకు అప్పగించి, యూనిఫాంతోనే రోడ్డు మీదికి వచ్చి, దొరికిన ఆటో ఎక్కాను. ఆయనకు ఫోను చేశాను. "కస్టమరున్నాడు, నువ్వెళ్ళు, అక్కతో నేను మాట్లాడతాలే" అన్నారు. కోటవురట్ల నుంచి నర్సీపట్నం దాకా ఆ మాటను నములుతూనే వచ్చాను.

హాల్లో పాత న్యూసుపేపర్లు పరిచి, వాటి మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. సెలూను ఆయన పక్కన స్టూలు మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని టీ తాగుతున్నాడు. వదినగారు పీట మీద కూర్చుని, చిన్నదాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, దువ్వెనతో జడలు పీకుతోంది. ఒక పక్క చాళ్ళు అలాగే ఉన్నాయి, ఇంకో పక్క జుట్టు పైకి లేచిపోయి ఉంది. చిన్నదాని ముక్కు, కళ్ళు ఏకమై కారుతున్నాయి. బాత్రూం తలుపు లోపల గడియ వేసి ఉంది.

నన్ను చూడగానే సెలూను ఆయన, "జడలుంటే మిషను నడవదమ్మా. ఇప్పాలని నానే సెప్పేను" అన్నాడు, తప్పంతా తనదే అన్నట్టు. చిన్నదాన్ని లాక్కున్నాను.

"ఎవరి పిల్లలనుకుంటున్నారండీ? ఆ తలలు మీవా?"

"పెంచినదాన్ని నాను" అంది వదినగారు. "నువ్వు కనీసి బస్సెక్కీసినావు. పొద్దున్న లెగిసి ముడ్డి కడిగిందెవరు, అన్నం పెట్టిందెవరు?"

"పెడితే గొరిగేస్తారా?"

"వాళ్ళ మంచికే! రేపు పెళ్ళిసూపుల్లో ఎవుడైనా ఈ పీసు సూసి మొకం తిప్పుకుంటే ఎవులేడుస్తారు? నువ్వా?"

వీధిలోకి వినపడేట్టు అరుచుకున్నాం. ఇంతకు ముందు అన్నవీ, అనలేక మింగినవీ, అన్నీ బయటికి వచ్చాయి. మధ్యలో గడియ చప్పుడైంది. ఇద్దరం ఆగిపోయాం.

పెద్దది బయటికి వచ్చింది. గౌను సగం తడిసి ఉంది. రెండు అరచేతులూ తల మీద బోర్లించి, జడలు కప్పుకుని ఉంది. నా దగ్గరికి వస్తుందని చెయ్యి చాచాను. రాలేదు. న్యూసుపేపర్ల మీదుగా నడిచి వాళ్ళ అత్త ముందు నిలబడింది.

వదినగారి గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. పిల్లల మీద ఆమెకు ప్రేమ లేదని నేనెప్పుడూ అనలేదు.

"రాయే. బయమేటి? నొప్పెట్టదు. నాకు మాత్రం కొట్టించనేదేటి? పెద్దమనిసి అయ్యేదాకా, ఎండలు రాడమే ఆలీసం, ఏటేటా కొట్టించీసేది మాయమ్మ. నానేడవనేదేటి? సాపుగా వస్తాదే, మంచిదే అనేది."

ఆ మాట నేనూ అంతకుముందు వినలేదు. మా ఆయన కూడా ఎప్పుడూ చెప్పలేదు.

పెద్దది వాళ్ళ అత్త మొహంలోకి చూసింది. వెక్కిరింపు లేదు, పొగరు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మరి సాపుగా వచ్చిందా అత్తా?"

వదినగారి చెయ్యి ముసుగు మీదికి వెళ్ళింది. నుదుటి మీదికి లాక్కోబోయి ఆగింది.

"రానేదే" అంది.

అంతకంటే మంచి అదను నాకు మళ్ళీ దొరకదు. ఇన్నేళ్ళ పీసు మాటలకూ, నా కడుపును తిట్టిన పొద్దుటి పూటలన్నిటికీ ఒకే దెబ్బలో జవాబు చెప్పొచ్చు. మాట నాలుక చివర ఉంది. పెద్దది నా వైపు తిరిగి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు మూసుకున్నాను. జాలి పడి కాదు, అది అడిగింది కాబట్టి.

సెలూను ఆయన గ్లాసు కింద పెట్టి, సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఎవరిని అడగాలో తెలియక నా వంక చూశాడు, వదినగారి వంక చూశాడు. ఇద్దర్నీ వదిలేసి పెద్దదాని వైపు వంగాడు.

"ఎల్లీమంటావేటి పాపా?"

"ఎల్లిపోండి అంకుల్" అంది, తల మీద నుంచి చేతులు తీసేసి.